పుట్టబోయే బిడ్డకు ఏం కొనాలి, దేనికి ఆగాలి

బిడ్డ పుట్టబోతోందని తెలిసిన దగ్గర్నుంచి కొనాల్సిన వస్తువుల లిస్టులు నాలుగు వైపుల నుంచీ వచ్చి పడతాయి. అవి చదివితే చేతినిండా డబ్బున్నవాళ్లకే టెన్షన్ పుడుతుంది, ఇక లెక్క చూసుకుని ఖర్చు పెట్టేవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఆ లిస్టు కాసేపు పక్కన పెట్టి, అందులోని ప్రతి వస్తువు మీదా ఒకే ప్రశ్న వేసుకోండి: ఇది ఇంట్లో లేకపోతే మొదటి రెండు వారాల్లో ఏ పని ఆగిపోతుంది? ఏ పనీ ఆగదనిపిస్తే అది ఇప్పుడు కొనక్కర్లేదు. అప్పుడే పుట్టిన బిడ్డ చేసే పనులు చాలా తక్కువ. పాలు తాగుతుంది, నిద్రపోతుంది, తడుపుతుంది, ఏడుస్తుంది, ఎత్తుకుంటే ఊరుకుంటుంది. వీటికి సరిపడా సామాను ఒక చిన్న అలమారాలో పట్టేస్తుంది.

పొదుపంటే ఎక్కడ చవకగా దొరుకుతుందో వెతకడమని చాలామంది అనుకుంటారు. పసిబిడ్డల విషయంలో కొనడాన్ని వాయిదా వేయడమే పెద్ద పొదుపని నా గట్టి అభిప్రాయం. బిడ్డ ఎంత బరువుతో పుడుతుందో, తల్లిపాలు ఎలా పడతాయో, ఏ డైపర్ ఒరుసుకుంటుందో, మంచంలో పడుకుంటుందో భుజం దిగనంటుందో ముందే ఎవరికీ తెలియదు. తెలియని వాటి కోసం ముందే కొని పెట్టుకున్న వస్తువులే తర్వాత అట్టపెట్టెలు విప్పకుండా మూలన పడి ఉంటాయి.

ఇంకో లెక్క కూడా పెట్టుకోండి. ఆ వస్తువు పాడైతే, విరిగితే, సరిగ్గా లేకపోతే బిడ్డ ప్రాణం మీదికి వస్తుందా? వస్తుందంటే అక్కడ డబ్బుకు వెనకాడొద్దు. రాదంటే వాడినది తీసుకోండి, అడిగి తెచ్చుకోండి, ఉన్నదానితో సరిపెట్టండి.

పడక

డబ్బు పెట్టాల్సిన మొదటి చోటు ఇదే, ఎందుకంటే పసిబిడ్డ రోజులో 14 నుంచి 17 గంటలు నిద్రలోనే ఉంటుంది, అందులో చాలాభాగం పక్కన ఎవరూ మేలుకుని ఉండని సమయం. కావాల్సింది చదునుగా, గట్టిగా ఉండే పరుపు, దాని మీద బిగుతుగా పరిచే పక్కదుప్పటి. ఇంతకు మించి ఆ పడకలో ఏమీ ఉండకూడదు. పరుపు కొనేటప్పుడు చేత్తో ముట్టుకుని మెత్తగా ఉందని మురిసిపోవద్దు. మధ్యలో అరచేతితో గట్టిగా నొక్కి చేయి తీసేయండి, వెంటనే పైకి లేచి చదునైపోవాలి. చేతి ముద్ర గుంటలా నిలిచిపోయిందంటే బిడ్డ బోర్లా తిరిగిన రోజున ముఖం కూడా అలాగే దిగబడుతుంది. పెద్దవాళ్ల ఒంటికి కటికగా అనిపించే పరుపే బిడ్డకు సరైన పరుపు. పరుపుకీ మంచం అంచుకీ మధ్య రెండు వేళ్లు పట్టేదాని కన్నా ఎక్కువ సందు ఉండకూడదు, కటకటాల మధ్య దూరం 6 సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉండాలి, అంతకన్నా బాగా ఎడంగా ఉంటే ఒళ్లు జారిపోయి తల ఇరుక్కునే ప్రమాదం ఉంది.

తెలిసినవాళ్లు పాత తొట్టిమంచం ఇస్తామంటే సంతోషంగా తీసుకోవచ్చు కానీ పై కొలతలన్నీ ముందు చూడండి. ఒక పక్క కటకటాల చట్రం కిందికి జారే రకమైతే మాత్రం ఉచితంగా ఇచ్చినా వద్దనండి. ఆ చట్రం వదులై బిడ్డలు మధ్యలో ఇరుక్కున్న ఘటనల వల్లే అమెరికాలో 2011లో ఆ రకం మంచాల తయారీ, అమ్మకాలను నిషేధించారు. మరలు లేని, తాడుతో కట్టి నిలబెట్టిన మంచం కూడా వద్దు.

మంచంతో పాటు సెట్టుగా అమ్మే దిండు, బొంత, చుట్టూ కట్టే మెత్తలు, బొమ్మలు ఏవీ కొనకండి. ఈ మాట డబ్బు కోసం మాత్రమే చెప్పడం లేదు. ఏడాది లోపు బిడ్డ పడకలో మెత్తటి వస్తువు ఏదున్నా ఊపిరాడకపోయే ప్రమాదం ఉంటుంది కాబట్టే పిల్లల వైద్యులు అవేవీ వద్దంటారు. కటకటాల చుట్టూ కట్టే మెత్తల్ని, 10 డిగ్రీల కన్నా ఎక్కువ వాలుగా ఉండే నిద్ర తొట్లను నిషేధిస్తూ అమెరికా 2022లో చట్టమే చేసింది. వాలుగా పడుకోబెడితే బిడ్డ తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనుకుని ఊపిరి దారి మూసుకుపోతుంది, ఆ వయసులో మెడ ఎత్తుకునే బలం బిడ్డకు ఉండదు. కరెంటుతో ఊగే ఊయల కుర్చీల్లోనూ ఇదే సమస్య. మెలకువగా ఉన్నప్పుడు మన కళ్ల ముందు కాసేపు కూర్చోబెడితే సరే, నిద్రపోయిందంటే తీసి వెల్లకిలా చదునైన పడక మీద వేయాలి. అలాంటప్పుడు దాని మీద అంత డబ్బు ఎందుకో ఆలోచించుకోండి.

తల గుండ్రంగా రావడానికని నడుమ గుంట పెట్టి అమ్మే చిన్న దిండు గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని ప్రేమతో కొని తెచ్చేవాళ్లు ఎక్కువ. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2022లోనే వాటిని వాడొద్దని హెచ్చరించింది. తల చదును కాకుండా ఉండాలంటే పడుకోబెట్టిన ప్రతిసారీ తల తిరిగే వైపు మార్చండి, మెలకువగా ఉన్నప్పుడు కాసేపు బోర్లా వేసి పక్కనే కూర్చోండి. ఖర్చు లేదు, మెడకు బలం కూడా వస్తుంది.

కనీసం ఆరు నెలల దాకా బిడ్డ మీ గదిలోనే, కానీ తనకంటూ వేరే పడక మీద పడుకోవడం మంచిది. దీనివల్ల ప్రత్యేకంగా పిల్లల గది అమర్చే ఖర్చు మొత్తం తప్పుతుంది, గోడల రంగులు, అలంకరణలు అన్నీ ఆగొచ్చు. చిన్న బాసినెట్టు, అంటే పసిబిడ్డ ఒక్కదానికే సరిపోయే బుల్లి పడక, ముద్దుగా ఉంటుంది కానీ బిడ్డ పొర్లడం మొదలుపెట్టగానే దాని పని అయిపోతుంది. గదిలో చోటుంటే నేరుగా తొట్టిమంచమే కొనండి, రెండేళ్లో మూడేళ్లో వస్తుంది. చోటు లేకపోతే బాసినెట్టు ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకుని తిరిగి ఇచ్చేయండి.

ఇక కాలికి సాక్సులా తొడిగితే ఊపిరి, గుండె కొట్టుకోవడం ఫోన్లో చూపించే పరికరాలు. భయపడే అమ్మానాన్నల దగ్గర ఇవి బాగా అమ్ముడుపోతాయి. ఆరోగ్యంగా పుట్టిన బిడ్డకు వీటివల్ల నిద్రలో ప్రమాదం తగ్గుతుందని రుజువు లేదు. డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప వద్దు, ఆ డబ్బుతో మంచి పరుపు వస్తుంది.

కార్ సీటు, కారు ఉంటేనే

కారులో తిరగనివాళ్లు ఈ భాగం వదిలేయొచ్చు. తిరిగేవాళ్లకు మాత్రం ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చే మొదటి ప్రయాణానికే ఇది ఉండాలి, ఒళ్లో పెట్టుకుని జాగ్రత్తగా వస్తామంటే కుదరదు, గుద్దుకున్న క్షణంలో ఎంత బలమైన చేతులైనా బిడ్డను ఆపలేవు. ఖరీదైన సీటే భద్రమైన సీటు అనుకోనక్కర్లేదు. భద్రతా ప్రమాణాలకు పాసైన మామూలు సీటును సరిగ్గా బిగిస్తే, తప్పుగా బిగించిన ఖరీదైన సీటు కన్నా అది ఎంతో నయం. కారు వెనక్కి ముఖం ఉండేలా, వెనక సీట్లో బిగించాలి. ఎయిర్‌బ్యాగ్ పనిచేసే ముందు సీట్లో ఎప్పుడూ అలా పెట్టకూడదు.

బిగింపు సరిగ్గా ఉందో లేదో ఇలా చూడండి. బిడ్డను కూర్చోబెట్టి పట్టీలు లాగాక, భుజం దగ్గర పట్టీని బొటనవేలు, చూపుడువేలితో నిలువుగా గిల్లే ప్రయత్నం చేయండి. వేళ్ల మధ్యకు మడత దొరికితే ఇంకా వదులుగా ఉన్నట్టు, వేళ్లు జారిపోతే సరిపోయినట్టు. లావుపాటి స్వెట్టరు, కోటు వేసి పట్టీలు బిగించకండి, గుద్దుకున్నప్పుడు ఆ ఉన్ని అణిగిపోయి పట్టీలు వదులైపోతాయి. పట్టీలు వేశాక పైన దుప్పటి కప్పండి.

వాడిన కార్ సీటు తీసుకోవాలంటే ఇచ్చేవాళ్లు మీకు బాగా తెలిసినవాళ్లై ఉండాలి. ఒక్క ప్రమాదంలో పడిన సీటు కూడా పైకి బాగానే కనిపిస్తుంది, లోపల పగుళ్లు ఉండొచ్చు. అడుగున లేదా వెనకాల తయారైన తేదీ, చాలా వాటి మీద గడువు తేదీ కూడా ఉంటాయి, ప్లాస్టిక్ కాలంతో పెళుసెక్కుతుంది కాబట్టి ఆ గడువు ఊరికే వేసింది కాదు. చరిత్ర తెలియని సీటు ఎంత తక్కువకు వచ్చినా కొనొద్దు. తెలిసినవాళ్ల దగ్గర ఇంకో సదుపాయం ఏంటంటే ఎలా బిగించాలో వాళ్లే వచ్చి చూపిస్తారు.

బట్టలు

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే, అదీ చిన్న చిన్న మొత్తాల్లో కాబట్టి లెక్క తెలియదు. మొదటి నెలల్లో బిడ్డ రోజుకు సుమారు 20 నుంచి 30 గ్రాముల బరువు పెరుగుతుంది, నాలుగైదు నెలలకు పుట్టినప్పటి బరువుకు రెట్టింపు అవుతుంది. అంటే న్యూబార్న్ సైజు బట్టలు కొన్ని వారాల మాటే, కాస్త బొద్దుగా పుట్టిన బిడ్డకైతే మొదటి రోజే పట్టవు. ఆ సైజులో ఓ నాలుగు జతలు, తర్వాతి సైజులో ఆరేడు చాలు, అదీ రెండు రోజులకోసారి ఉతికే వీలుంటే. రోజూ ఉతుకుతారా, ఇంకా తగ్గించండి.

ఏ రకం అన్నది సంఖ్య కన్నా ముఖ్యం. ముందువైపు విప్పే జబ్లాలు, లేదా భుజాల దగ్గర రెండు పొరలు ఒకదాని మీద ఒకటి మడిచినట్టుండే మెడ ఉన్నవి తీసుకోండి. ఆ మడత అందం కోసం పెట్టింది కాదు. అర్ధరాత్రి మలం డైపర్ దాటి వీపు దాకా పాకిపోయినప్పుడు, ఆ బట్టను తల మీదుగా లాగితే జుట్టుకీ ముఖానికీ అంతా అంటుకుంటుంది. ఈ మెడ వెడల్పుగా సాగుతుంది కాబట్టి భుజాల మీద నుంచి కిందికి, కాళ్ల వైపు నుంచి తీసేయొచ్చు. నిద్రమత్తులో ఉన్న మనిషికి అది ఎంత మేలో ఆ రాత్రి తెలుస్తుంది. వీపు వెనక గుండీలున్నవి, తాళ్లు, రిబ్బన్లు, పూసలు ఉన్నవి ఎంత ముద్దుగా ఉన్నా వద్దు. బూట్లు అసలే వద్దు, బయట నడిచే రోజు వచ్చేదాకా వాటి అవసరమే రాదు.

పెద్ద సైజులు ముందే కొనాలనిపిస్తే ఆ సైజు వచ్చే నెలలో ఎండా చలా అని ఆలోచించండి. పాత బట్టలు ఎవరిచ్చినా మొహమాటపడకుండా పుచ్చుకోండి, పదిసార్లు ఉతికిన నూలు బట్ట కొత్తదాని కన్నా మెత్తగా ఉంటుంది. వాడే ముందు ఒకసారి ఉతికి, గుండీలు గట్టిగా ఉన్నాయో లేదో లాగి చూడండి.

చుట్టడానికి పలచటి నూలు గుడ్డలు ఓ ఆరు ఉంచుకోండి. చుట్టేటప్పుడు చేతుల దగ్గర కాస్త బిగించినా నడుము కింద కాళ్లు కప్పలా మడిచి ఆడించుకునేంత వదులు ఉండాలి, కాళ్లు చాపి బిగిస్తే తుంటి కీళ్లకు మంచిది కాదు. పొర్లే సూచనలు కనిపించిన రోజున చుట్టడం ఆపేయాలి. అదే గుడ్డలు తర్వాత పాలు కక్కినప్పుడు తుడవడానికి, పక్క మీద వేయడానికి, ఎండకు అడ్డం పెట్టుకోవడానికి పనికొస్తాయి కాబట్టి జిప్పులు, వెల్క్రోలు ఉన్న ప్రత్యేక చుట్టుడు సంచుల కన్నా ఇవే లాభం. లోపల బరువు గింజలు కుట్టిన సంచులైతే పిల్లల వైద్యులే వద్దంటున్నారు.

డైపర్లు

మొదటి వారాల్లో రోజుకు పది దాకా మార్చాల్సి వస్తుంది. ఆఫర్ ఉంది కదా అని ముందే పెద్ద పెద్ద కట్టలు కొనకండి, ఆ సైజు దాటిపోవచ్చు, ఆ రకం చర్మానికి పడకపోవచ్చు. ఒక చిన్న ప్యాకెట్ తెచ్చి రెండు రోజులు వాడండి, తొడల దగ్గర ఎర్రటి గీత పడుతోందా, వీపు వైపు కారుతోందా చూసుకుని అప్పుడు ఎక్కువ కొనండి. కారుతోందంటే చాలాసార్లు తప్పు కంపెనీది కాదు, సైజుది.

దీర్ఘకాలంలో డబ్బు మిగిలేది గుడ్డ డైపర్లతోనే, ముఖ్యంగా రెండో బిడ్డకూ అవే వాడితే. రోజు విడిచి రోజు ఉతికేవాళ్లకు 20 నుంచి 24 కావాలి. అందులోనూ మామూలు చదరపు గుడ్డలు మడిచి, పైన తడి బయటికి రాని కవరు వేసే పద్ధతి అన్నిటికన్నా చవక, త్వరగా ఆరుతుంది, బిడ్డ పెరిగే కొద్దీ మడత మార్చుకోవచ్చు. అయితే ఉతికేది ఎవరు, ఆరేసే చోటు ఉందా, నీళ్లు సరిపడా వస్తాయా అన్నది ముందు ఇంట్లో మాట్లాడుకోండి. ఆ పని మొత్తం బాలింత మీద పడేట్టయితే మొదటి నెల కొన్న డైపర్లే వాడి, ఒంట్లో ఓపిక వచ్చాక మారండి. పగలు గుడ్డవి, రాత్రి కొన్నవి అన్న సర్దుబాటు కూడా బాగా నడుస్తుంది. బట్టలు మెత్తబడే ద్రవాలు గుడ్డ డైపర్లకు వాడొద్దు, తడి పీల్చే గుణం పోతుంది.

డైపర్ మార్చడానికి ప్రత్యేకమైన బల్ల అక్కర్లేదు. రబ్బరు షీటు ఒకటి, దాని మీద గుడ్డ, నేల మీద వేస్తే కింద పడే భయమే ఉండదు. ఇంట్లో ఉన్నప్పుడు తుడవడానికి దూది, గోరువెచ్చని నీళ్లు చాలు. వైప్స్ బయటికి వెళ్లినప్పటికి ఉంచుకోండి, అదీ వాసన లేనివి.

పాలు

తల్లిపాలు ఇద్దామనుకుంటే మొదట్లో కొనాల్సింది దాదాపు ఏమీ లేదు. పాలిచ్చేటప్పుడు చేతికింద పెట్టుకోవడానికి ఇంట్లో దిండు చాలు. పాలు పట్టించడం కష్టంగా ఉంటే వస్తువులు కొనే ముందు ఆసుపత్రిలో నర్సునో, పాలివ్వడంలో సలహా ఇచ్చేవాళ్లనో పిలిచి బిడ్డను పట్టుకునే తీరు చూపించుకోండి, చాలా ఇబ్బందులు అక్కడే తీరతాయి. బ్రెస్ట్ పంపు ముందే కొనకండి. ఉద్యోగానికి వెళ్లే రోజు దగ్గరపడితేనో, బిడ్డ నోటితో తాగలేని పరిస్థితి వస్తేనో అప్పుడు తీసుకోవచ్చు, కొన్నిచోట్ల అద్దెకూ దొరుకుతుంది. అప్పుడప్పుడు వాడేవాళ్లకు చేత్తో నొక్కేది చాలు. వేరేవాళ్లు వాడిన పంపు మోటారులోకి పాలు వెళ్లే రకమైతే దాన్ని శుభ్రం చేయడం కుదరదు, అలాంటిది తీసుకోవద్దు.

డబ్బా పాలు పట్టేవాళ్లకు ఆరు సీసాల దాకా కావాలి, లేకపోతే రోజంతా కడగడమే సరిపోతుంది. అన్నీ ఒకే కంపెనీవి ఒకేసారి కొనకుండా ముందు ఒకటి రెండు తెచ్చి బిడ్డ ఏ పాలపీకను ఒప్పుకుంటుందో చూడండి. పాలు నెమ్మదిగా వచ్చే చిన్న రంధ్రం పీక ఎంచుకోండి. వాడిన సీసాలు తీసుకోవచ్చు కానీ గీతలు పడినవి, మసకబారినవి వద్దు, పీకలు మాత్రం కొత్తవే కొనాలి. సీసాల్లో క్రిములు చంపే స్టెరిలైజర్ అక్కర్లేదు, పెద్ద గిన్నెలో మునిగేలా వేసి 5 నిమిషాలు మరిగిస్తే ఆ పనే అవుతుంది. పాలు వెచ్చబెట్టే వార్మర్ కూడా అంతే, వేడినీళ్ల గిన్నెలో సీసా పెడితే చాలు. మైక్రోవేవ్‌లో పెట్టొద్దు, పైకి చల్లగా అనిపించి లోపల నోరు కాలేంత వేడి ఉంటుంది. పొడి కలిపే నీళ్లు కనీసం 70 డిగ్రీల వేడి మీద ఉండాలని, కలిపాక చల్లార్చి పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, ఎందుకంటే పొడిలోనే క్రిములు ఉండే అవకాశం ఉంది. డబ్బు కలిసొస్తుందని పొడి తగ్గించి నీళ్లు ఎక్కువ కలపడం మాత్రం ఎప్పుడూ చేయకండి. ఖర్చు మిగతా ఎక్కడైనా తగ్గించండి, ఇక్కడ కాదు.

స్నానం, ఎత్తుకోవడం, జ్వరం

బొడ్డు ఊడిపోవడానికి ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది, అప్పటిదాకా తడిగుడ్డతో ఒళ్లు తుడిస్తే సరిపోతుంది కాబట్టి టబ్బు కోసం తొందరే లేదు. ఆ తర్వాత కూడా శుభ్రమైన బేసిన్ చాలు. నీళ్లు 37, 38 డిగ్రీలుండాలి, మోచేయి ముంచితే వేడీ చల్లనా తెలియనట్టు ఉండాలి. టబ్బులో కూర్చోబెట్టే కుర్చీలు వద్దు, అవి తిరగబడతాయి, పైగా బిడ్డను వదిలి పక్కకు వెళ్లొచ్చన్న ధైర్యం ఇస్తాయి. పౌడరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అదీ వద్దు.

ఎత్తుకుని తిరగడానికి బిడ్డను ఒంటికి కట్టుకునే గుడ్డ క్యారియర్ మీద పెట్టిన డబ్బు వృథా పోదు. రెండు చేతులూ ఖాళీ అవుతాయి, బిడ్డ నిద్రపోతుంది. ముఖం ఎప్పుడూ మీకు కనిపించాలి, వంగితే నుదుటి మీద ముద్దు పెట్టేంత ఎత్తులో ఉండాలి, గడ్డం ఛాతీకి ఆనకూడదు, మోకాళ్లు పిరుదుల కన్నా కాస్త పైకి ఉండాలి. బిడ్డను పడుకోబెట్టి నెట్టుకెళ్లే బండి, అదే స్ట్రోలర్, కొనే ముందు మీ ఇంటి మెట్లు, వీధి, లిఫ్టు, మీరు ఒంటిచేత్తో ఎంత బరువు ఎత్తగలరో చూసుకోండి. చాలామందికి మొదటి కొన్ని నెలలు దాని అవసరం రాదు. కొంటే పూర్తిగా వెల్లకిలా వాలేది కొనండి, బ్రేకు నొక్కి నెట్టి చూడండి, షాపులోనే మీరే మడిచి చూడండి.

డిజిటల్ థర్మామీటర్ మాత్రం బిడ్డ వచ్చేలోపే ఇంట్లో ఉండాలి. మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీలు, అంటే 100.4 ఫారన్‌హీట్, చూపించిందంటే ఇంట్లో మందులు వేస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. చవక రకమే చాలు, బ్యాటరీ ఉందో లేదో చూసుకోండి. గోళ్లు తీసే చిన్న ఆకురాయి, ముక్కు దిబ్బడకు ఉప్పునీటి చుక్కలు, చీమిడి లాగే రబ్బరు బుడ్డి, అంతే మందుల పెట్టె.

ఆటబొమ్మలు తొందరేం లేదు. పుట్టిన బిడ్డకు 20, 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదే కాస్త స్పష్టంగా కనిపిస్తుంది, ఎత్తుకున్నప్పుడు మీ ముఖం ఉండేది సరిగ్గా అంత దూరంలోనే. చక్రాల వాకర్ ఎవరైనా ముందే ఇస్తామంటే వద్దని చెప్పేయండి, మెట్ల మీద నుంచి పడిన ప్రమాదాల వల్ల కెనడా 2004లోనే వాటిని నిషేధించింది, నడక కూడా వాటివల్ల తొందరగా రాదు.

అడిగి తెచ్చుకోవడం

ఎవరైనా ఏం కావాలని అడిగితే, ఏమీ వద్దని మర్యాదకు అనకండి, మళ్లీ న్యూబార్న్ సైజు గౌనులే వస్తాయి. తర్వాతి సైజు డైపర్లో, నూలు గుడ్డలో, థర్మామీటరో అని పేరు పెట్టి చెప్పండి. దగ్గరివాళ్లయితే ఒక పూట వంట చేసి పంపమని, ఒక రాత్రి బిడ్డను చూసుకోమని అడగండి. నలుగురు కలిసి ఇస్తామంటే కార్ సీటో పరుపో చెప్పండి. వచ్చిన ప్యాకెట్లు అన్నీ ఒకేసారి విప్పకుండా బిల్లులు దాచి పెట్టుకోండి, సైజు మార్చుకోవచ్చు. వాడిన వస్తువు ఏది ఇంటికి వచ్చినా దాని మోడల్ పేరు నెట్‌లో కొట్టి, కంపెనీ ఏదైనా లోపం వల్ల వెనక్కి తీసుకుందేమో ఒకసారి చూసుకోండి, రెండు నిమిషాల పని. బిడ్డకు పట్టకుండా పోయినవి శుభ్రంగా ఉతికి, ఏ సైజో కవరు మీద రాసి, తర్వాత కనబోయేవాళ్లకు అందించండి.